యుద్ధం కాదన్నంత మాత్రాన

కొన్నేళ్ల కింద అచ్చంపేట వైపు ఒక ఊళ్లో మా సంఘం సమావేశంలో జెనీవా ఒప్పందాల మూడో అధికరణాన్ని తెలుగులో చదివి వినిపించాను. ముందు రోజు రాత్రి నేనే కూర్చుని రాసుకున్న అరపేజీ కాగితం అది. ఆయుధం పట్టనివాళ్లనూ, పట్టి కింద పెట్టినవాళ్లనూ, గాయపడి పడిపోయినవాళ్లనూ, పట్టుబడినవాళ్లనూ చంపకూడదు. చిత్రహింసలు పెట్టకూడదు. తాకట్టు మనుషులుగా పట్టుకుపోకూడదు. అవమానించకూడదు. సరైన న్యాయస్థానంలో విచారణ లేకుండా శిక్ష వేయకూడదు, ఉరి తీయకూడదు. గాయపడినవాళ్లు ఏ పక్షం వాళ్లయినా సరే తెచ్చి వైద్యం చేయించాలి. దాదాపు అంతే. ఇద్దరు శత్రువులు ఒకరినొకరు చంపుకుంటున్న చోట కూడా ఇంతకంటే కిందికి దిగజారకూడదని ప్రపంచ దేశాలు 1949లో గీసుకున్న గీత.

విన్నవాళ్లలో ఒక అవ్వ ఉంది. ఆమె కొడుకు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆమె తమ్ముడి అల్లుణ్ణి ఇన్‌ఫార్మరని చెప్పి దళం వాళ్లు చంపారు. రెండు చావులకూ ఆమె ఒక్కతే ఏడ్చింది, రెండిళ్లవాళ్లూ ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు కాబట్టి. ఆమె అడిగింది: "బిడ్డా, గిది యుద్ధం జరిగే కాడికే గదా? మా కాడ జరిగింది యుద్ధమని ఎవలన్న ఒప్పుకున్నరా?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లుగా నిజనిర్ధారణ కమిటీల్లో తిరిగినదాన్ని, నివేదికలు రాసినదాన్ని, ఆ ప్రశ్న ముందు నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఆమె అడిగింది చట్టంలో ఉన్న అసలు కిటుకునే. రాజ్యం ముందు పేరు మారుస్తుంది, ఆ తరువాత చంపుతుంది. యుద్ధం కాదంటే యుద్ధ నియమాలుండవు. శాంతి కాదంటే శాంతికాలపు చట్టమూ ఉండదు. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల స్త్రీలు డెబ్భై ఏళ్లకు పైగా బతికారు.

పేరు మార్చడం ఇక్కడ కొత్తగా మొదలు కాలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి నాలుగు దిక్కులా ప్రవేశించింది. షోలాపూర్ వైపు నుండి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, బెజవాడ వైపు నుండి మేజర్ జనరల్ రుద్ర. ట్యాంకులున్నాయి, విమానాలున్నాయి. బెజవాడ నుండి వచ్చిన దళాలు మన నల్లగొండ జిల్లా మీదుగానే వచ్చాయి. దీన్నంతా కలిపి 'పోలీసు చర్య' అన్నారు. ఏ పోలీసులు, ఎవరి మీద చర్య? నిజాం ప్రభుత్వం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. యుద్ధం అంటే అది అంతర్జాతీయ వ్యవహారం అవుతుంది, పోలీసు చర్య అంటే ఇంటి సంగతి. ఇంటి సంగతి బయటివాళ్లకెందుకు అన్న ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? మనలో కొట్టే మొగుణ్ణి ఎదిరించిన ప్రతి ఆడదీ విన్నదే. ఇంట్లో అయినా దేశంలో అయినా 'మా ఇంటి సంగతి' అన్న మాట వెనుక దాగేది దెబ్బలే.

నిజాం మీద, రజాకార్ల మీద నాకేమీ జాలి లేదు. గుండ్రాంపల్లిని మరచిపోయిన వాళ్లెవరూ నల్లగొండ జిల్లా మనుషులు కారు. ఆనాటి ఊళ్లలో రజాకార్లు ఆడవాళ్లకు చేసినదంతా మన నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పగా విన్నాం. కానీ సైన్యం వచ్చిన తరువాత జరిగినది కూడా చెప్పాలి. ఆ సంవత్సరం చివర నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. వాళ్లు ఊళ్లు తిరిగి ఇచ్చిన నివేదికలో, సంస్థానం మొత్తంలో సైనిక చర్య కాలంలోనూ ఆ తరువాతా చనిపోయినవాళ్లు 27 వేల నుండి 40 వేల మంది ఉంటారని అంచనా వేశారు. ఎక్కువమంది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల వాళ్లు. తరువాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, మెదక్‌లతో పాటు నల్లగొండ ఉంది. ఈ నాలుగింటిలో కనీసం 5 వేల మంది అన్నారు. చనిపోయినవాళ్లు ప్రధానంగా ముస్లింలు. స్త్రీల మీద అత్యాచారాల గురించి, ఎత్తుకుపోవడాల గురించి, బావుల్లో దూకి చనిపోయిన ఆడవాళ్ల గురించి కూడా ఆ నివేదిక మాట్లాడింది. ఆ నివేదిక ఏమైంది? దాన్ని ప్రచురించలేదు. అందరికీ చదవడానికి దొరికేసరికి 2013 వచ్చింది. అప్పటికి ఆ బావుల్లో దూకినవాళ్ల చెల్లెళ్లు కూడా చాలామంది కాలం చేశారు.

ఇక్కడ మనల్ని మనం కూడా నిలదీసుకోవాలి. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో స్త్రీల గొంతులు మొదటిసారి విన్నాం. ఆ పుస్తకం నా తరంలో చాలామందిని సంఘాల్లోకి తెచ్చింది, నన్ను కూడా. కానీ ఆ తరువాత ఇన్నేళ్లలో నల్లగొండ జిల్లా ముస్లిం స్త్రీల దగ్గరికి పోయి, ఆ సెప్టెంబరులో మీకేం జరిగిందని అడిగినవాళ్లం ఎంతమందిమి? సెప్టెంబరు 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని మగ నాయకులు వేదికల మీద గొంతు చించుకుంటారు. ఆ మూడు మాటల్లో ఏది గెలిచినా బావిలో దూకిన మనిషికి చోటు లేదు.

నిజాం లొంగిపోయాక కూడా సైన్యం తిరిగిపోలేదు. భూములు పంచుకున్న రైతుల మీదికి, కమ్యూనిస్టుల మీదికి మళ్లింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆ మూడేళ్లూ నడిచింది కూడా యుద్ధమే, దానికీ పేరు లేదు. పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్క ప్రకారం చనిపోయిన కమ్యూనిస్టులు, రైతు యోధులు నాలుగు వేల మంది. మూడు నాలుగేళ్లు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గినవాళ్లు పదివేలకు పైగా. పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయి కొట్టినవాళ్లు కనీసం యాభై వేలు. ఆ క్యాంపులకు ఈడ్చుకుపోయినవాళ్లలో ఆడవాళ్లున్నారు. వాళ్లకు జరిగిందేమిటో సుందరయ్య కూడా రాశారు.

1949వ సంవత్సరాన్ని కాస్త ఆగి చూడండి. ఆ ఏడు ఆగస్టు 12న జెనీవాలో నాలుగు ఒప్పందాలు ఖాయమయ్యాయి. విచారణ లేకుండా మరణశిక్షలు వేయకూడదని మూడో అధికరణం అన్నది. అదే ఏడు మన నల్లగొండ జిల్లా రైతులను మిలిటరీ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ప్రత్యేక ట్రిబ్యునళ్ల ముందు నిలబెట్టి మరణశిక్షలు వేశారు. పన్నెండు మందికి ఉరి. తమ తరఫున వకీలును పెట్టుకునే అవకాశం సరిగా ఇవ్వలేదని వాళ్లు మొత్తుకున్నారు. ఇంగ్లండ్ నుండి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. హైదరాబాద్ హైకోర్టు తీర్పు రాజ్యాంగం అమల్లోకి రాకముందే వచ్చింది కనుక దాని మీద మాకు అప్పీలు లేదు అన్నది సుప్రీంకోర్టు. అంటే పాత చట్టం పోయింది, కొత్త చట్టం వాళ్లదాకా రాలేదు, ఉరితాడు మాత్రం మధ్యలో వేలాడుతూనే ఉంది. దేశవిదేశాల్లో ఆందోళన జరిగి ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి కాబట్టి బతికారు. వాళ్లను బతికించింది మనుషుల గొడవ. ఒప్పందాల మీద భారత ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది 1950 నవంబరులో, ఇక్కడ క్యాంపులు నడుస్తుండగానే.

ముద్ర వేశాం కదా, చట్టమూ చేశాం కదా అంటారు. చేశారు. జెనీవా ఒప్పందాల చట్టం, 1960. ఎన్‌జీవోల్లో పనిచేసే మిత్రులు ఎప్పుడైనా తీసి చదవండి, పెద్దదేం కాదు. అందులో శిక్షించే నేరాలు దేశాల మధ్య యుద్ధాలకు సంబంధించిన తీవ్రమైన ఉల్లంఘనలు. దేశం లోపల జరిగేవాటికి ఉద్దేశించిన మూడో అధికరణం ఆ శిక్షల జాబితాలో లేదు. పోనీ ఉన్న నేరాలకైనా మనం కోర్టుకు వెళ్లగలమా? పదిహేడో సెక్షన్ ఉంది. ప్రభుత్వం గానీ ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు తీసుకోకూడదట! దొంగతనం జరిగింది, దొంగ వచ్చి ఫిర్యాదు ఇస్తేనే కేసు అన్నట్టు. ఈ చట్టం వ్యక్తులకు నేరుగా హక్కులేమీ ఇవ్వదని గోవా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. ఇక మిగిలింది అలంకారమే.

ఒప్పందాల్లో మన గురించి వాడిన మాటలు కూడా చూడాలి. 1907 నాటి హేగ్ నియమాలు ఆక్రమించిన ప్రాంతంలో 'కుటుంబ గౌరవాన్ని' కాపాడాలన్నాయి. స్త్రీ అనే మాట లేదు. కుటుంబం గౌరవం, ప్రాణాలు, ఆస్తి అని వరుసగా రాశారు. అందులో మనం ఏ గూట్లో ఉన్నామో వేరే చెప్పనక్కరలేదు. 1949 నాలుగో ఒప్పందం ఇరవై ఏడో అధికరణంలో కొంచెం ముందుకొచ్చి స్త్రీలను వాళ్ల 'గౌరవం' మీద జరిగే దాడుల నుండి, ముఖ్యంగా అత్యాచారం నుండి, బలవంతపు వ్యభిచారం నుండి కాపాడాలన్నారు. నేరం జరిగింది ఒంటి మీద, దెబ్బ తగిలింది మానానికట! మన ఊళ్లలో 'పరువు పోయింది' అని బాధితురాలి నోరు నొక్కే పెద్దమనిషి కూడా ఈ భాషే మాట్లాడతాడు. దేశం లోపలి ఘర్షణలకు చెందిన మూడో అధికరణంలో అసలు అత్యాచారం అనే మాటే లేదు. 1977 రెండో అదనపు ప్రోటోకాల్‌లో గానీ అది పేరు పెట్టి రాలేదు. ఆ ప్రోటోకాల్ మీద ఈనాటికీ భారతదేశం సంతకం లేదు. 1998లో రువాండా ట్రిబ్యునల్ అకాయెసు కేసులో అత్యాచారాన్ని జాతి హననంలో భాగంగా గుర్తించింది. అదే ఏడు రోమ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు శాసనం వచ్చింది. దేశంలోపలి సాయుధ ఘర్షణల్లో జరిగే అత్యాచారం యుద్ధనేరమని అందులో స్పష్టంగా రాశారు. అక్కడ ఓటింగ్‌లో మన ప్రభుత్వం తటస్థంగా ఉండిపోయింది. ఆ శాసనంలో ఇప్పటికీ చేరలేదు. ఒక్కో మాట కోసం ప్రపంచంలో స్త్రీలు ఇన్నేళ్లు కొట్లాడారు. ఆ మాటలు మన సరిహద్దు దాకా వచ్చి ఆగిపోయాయి.

ఇప్పుడు మా కాలానికి వస్తాను. ఎనభైల చివర నుండి రెండు వేల ఐదారు దాకా ఈ రెండు జిల్లాల్లో, ముఖ్యంగా నల్లమల అంచున ఉన్న మండలాల్లో ఎట్లా గడిచిందో చూసినవాళ్లకు తెలుసు. వానలు లేక బొంబాయికీ పూణేకీ వలసపోయినవాళ్లు పోగా ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు. రాత్రి తలుపు తట్టి అన్నం పెట్టమంటారు. తుపాకి ఉన్న మనిషి అడిగితే పెట్టనంటారా? ఆకలితో వచ్చిన పిల్లలని పెట్టినవాళ్లూ ఉన్నారు, భయంతో పెట్టినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కప్పుడు రెండూ ఒక చేతిలోనే ఉంటాయి. తెల్లారి పోలీసులొచ్చి గిన్నెలు లెక్కపెడతారు. ఇంట్లో నలుగురుంటే పది మందికి సరిపడా బియ్యం ఎందుకు పోసినవ్ అని ఆడమనిషిని జుట్టు పట్టి ఈడ్చిన ఇళ్లకు నేను వెళ్లాను. పోలీసులు టీ తాగిపోతే, ఆ టీ కాచినందుకు దళం వచ్చి నిలదీసిన ఇంటికీ వెళ్లాను. వంట చేయడం రెండు పక్షాలకూ నేరమైన చోట ఆడది ఎక్కడికి పోవాలి?

రాజ్యం వైపు లెక్క చాలా పెద్దది. 1989లో గ్రేహౌండ్స్ పెట్టారు. 1992లో పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. ఎన్‌కౌంటర్ అనే ఇంగ్లీషు మాట ఊరి భాషలో కలిసిపోయింది, 'ఎన్‌కౌంటర్ చేసిన్రు' అని క్రియాపదం అయింది. పట్టుకుని చంపి ఎదురుకాల్పులని రాస్తారని పిల్లలకు కూడా తెలుసు. తరువాత యూనిఫాం లేని మనుషులు వచ్చారు. గ్రీన్ టైగర్స్, నల్లమల కోబ్రాలు అని పేర్లు. 2001 ఫిబ్రవరిలో పౌరహక్కుల సంఘం నల్లగొండ జిల్లా కార్యదర్శి ఆజం అలీని నల్లగొండలోనే నరికి చంపారు. 2005 ఆగస్టులో మహబూబ్‌నగర్ జిల్లాలో అదే సంఘం నాయకుడు, ఉపాధ్యాయుడు కనకాచారిని చంపారు. వాళ్ల చేతుల్లో ఆయుధం లేదు. అంతకుముందు, 1999లో, భువనగిరిలో పాటలు పాడే బెల్లి లలితను చంపి ముక్కలు చేసి పారేశారు. నయీం ముఠా మీద వేళ్లన్నీ చూపాయి. ఆ నయీం 2016లో షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటర్‌లో పోయాడు. అతనితో పాటు చెప్పాల్సినవాళ్ల పేర్లూ పోయాయి. లలితకు న్యాయం జరిగిందని సంబరపడినవాళ్లను చూసి నాకు నోట మాట రాలేదు.

ఇవతలి వైపు కూడా మాట్లాడాలి. చాలామంది మిత్రులకు ఇక్కడే కోపం వస్తుంది, రానీ. ఇన్‌ఫార్మరని చెప్పి చెట్టుకు కట్టి చంపడం విచారణ కాదు. ప్రజాకోర్టులో వాదించే వకీలు లేడు, అప్పీలు లేదు, చుట్టూ తుపాకులున్నాయి. నల్లగొండ రైతులకు 1949లో ట్రిబ్యునల్ చేసిన అన్యాయమేదో ఇదీ అదే. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, చుట్టూ ఉన్నవాళ్లను కాల్చి చంపారు. కొడుకు ఏం చేశాడు? పక్కన నిలబడ్డవాళ్లు ఏం చేశారు? రెండు రోజులకు ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. నిషేధం కోసం కాచుకుని ఉన్నవాళ్లకు అది చేతికందించినట్టయింది. ఇక మందుపాతర సంగతి. 1993లో సోమశిల దగ్గర ఎస్పీ పరదేశినాయుడు, ఆయనతో ఉన్న పోలీసులు మందుపాతరకే పోయారు. 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డి పోయాడు, నల్లగొండ జిల్లా మనిషి. యుద్ధ నియమాల్లో ఏ దాడి ఏ గూటికి వస్తుందో వకీళ్లు వాదించుకోవచ్చు. పాతిపెట్టిన మందుకు పైన పోయేది జీపా, బస్సా, కట్టెల మోపు నెత్తిన పెట్టుకున్న మనిషా తెలియదు. మందుపాతరలను నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో మన ప్రభుత్వం చేరలేదు. ఆ సంగతి వేదికల మీద చెప్పి ప్రభుత్వాన్ని తిట్టే గొంతులు అడవి వైపు తిరిగి ఒక్క మాట అనవు.

రాజ్యహింసనూ ప్రజల ప్రతిహింసనూ ఒకే గాటన కట్టవద్దని నాకు ఎన్నోసార్లు చెప్పారు. కట్టడం లేదు. రాజ్యం చట్టం పేరుతో, మన పన్నులతో, మన పేరు మీద చంపుతుంది. దాని బాధ్యత పెద్దది, దాని ఆయుధాలు పెద్దవి. కానీ మూడో అధికరణం ఎవరి పోరాటం న్యాయమైనదని అడగదు. పట్టుబడినవాణ్ణి ఏం చేశావని మాత్రమే అడుగుతుంది. ఈ ప్రశ్న దగ్గరే 1998లో బాలగోపాల్ లాంటివాళ్లు పౌరహక్కుల సంఘం నుండి వేరుపడి మానవహక్కుల వేదిక పెట్టారు. అప్పట్లో వాళ్లను ఎన్ని మాటలన్నారో నాకు గుర్తుంది. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ అవ్వ తమ్ముడి ఇంటికి పోయి వచ్చాక నా మాట వెనక్కి తీసుకున్నాను.

శంకరన్ గారి నాయకత్వంలో పౌర స్పందన వేదిక 1997 నుండి ఇదే పని చేసింది. రెండు పక్షాలకూ ఉత్తరాలు రాసింది, ఊళ్లు తిరిగింది, మనుషుల ప్రాణాలతో ఆడుకోవద్దని ఇద్దరికీ ముఖం మీద చెప్పింది. వాళ్ల శ్రమ వల్లనే 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. ఎవరెన్ని అన్నా ఆ కొద్ది నెలలు మా ఊళ్లలో రాత్రిళ్లు తలుపులు తట్టలేదు. 2005 జనవరికి అంతా కూలిపోయింది. ఫిలిప్పీన్స్‌లో ప్రభుత్వమూ అక్కడి విప్లవకారుల జాతీయ ప్రజాస్వామిక వేదికా యుద్ధం ఆపకుండానే 1998లో మానవహక్కుల మీద, యుద్ధ నియమాల మీద ఒప్పందం రాసుకున్నాయి. అమలు ఎట్లా ఉన్నా రాసుకున్నాయి. ఘర్షణలో ఉన్న పక్షాలు ఇలాంటి ప్రత్యేక ఒప్పందాలు చేసుకోవాలని మూడో అధికరణమే చెబుతుంది. మన దగ్గర ఆయుధాలు వదలాలా వద్దా, తుపాకి పట్టుకుని ఊళ్లోకి రావచ్చా లేదా అనే పంచాయితీ తేలక, పట్టుబడినవాణ్ణి చంపకూడదనే చిన్న మాట మీద కూడా సంతకాలు పడలేదు.

ప్రభుత్వం చెప్పే సాకు ఒకటుంది. యుద్ధ నియమాలు వర్తిస్తాయంటే వాళ్లను గుర్తించినట్టవుతుందట. మూడో అధికరణం చివరి వాక్యం ఆ భయం కోసమే రాశారు: దీన్ని పాటించడం వల్ల ఏ పక్షానికీ చట్టపరమైన హోదా మారదు. అరెస్టు చేయవచ్చు, కేసు పెట్టవచ్చు, శిక్ష వేయవచ్చు. చంపకూడదు, అంతే. అవతలివాళ్లు పాటించకపోతే మేమెందుకు పాటించాలనేది ఇంకో సాకు. ఈ అధికరణం ఇచ్చిపుచ్చుకునే బేరం మీద నిలబడలేదు. ఒకడు తప్పినంత మాత్రాన రెండోవాడికి సెలవు రాదు. అయినా శాంతిభద్రతల సమస్యే అనుకుందాం. అప్పుడు మామూలు చట్టం ఉండాలి కదా? ప్రతి ఎన్‌కౌంటర్ చావుకూ హత్య కేసు నమోదు చేసి విచారించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2009 ఫిబ్రవరిలో తీర్పు ఇస్తే, నెల తిరగకముందే సుప్రీంకోర్టు దగ్గర స్టే తెచ్చుకున్నారు. యుద్ధమంటే కాదంటారు, చట్టమంటే వద్దంటారు.

పేరు లేని యుద్ధంలో పుట్టిన అలవాటు ఎక్కడిదాకా వచ్చిందో 2019 డిసెంబరు 6న చూశాం. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన కేసులో నిందితులైన నలుగురిని తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారు. నలుగురూ మన పాలమూరు పేద ఇళ్ల పిల్లలు. పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు. చల్లినవాళ్లలో ఆడవాళ్లున్నారు. ఆ అమ్మాయికి జరిగినదానికి నా కడుపు ఎంత రగిలిందో చెప్పలేను. కానీ సంకెళ్లలో ఉన్న మనిషిని చంపే అధికారం పోలీసుకు పూలు పెట్టి ఇచ్చాక, రేపు అదే పోలీసు స్టేషన్‌లో మన మీద అత్యాచారం జరిగితే ఎవరి దగ్గరికి పోతాం? సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్‌కర్ కమిషన్ 2022లో, పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ రోజు పూలు చల్లిన చేతులు ఆ నివేదిక పేజీలు తిప్పలేదు.

చివరిగా శవాల సంగతి. కురుక్షేత్రంలో యుద్ధానికి ముందు రెండు పక్షాలూ నియమాలు పెట్టుకున్నాయి. పద్దెనిమిది రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. మిగిలింది స్త్రీపర్వం, శవాల మధ్య తిరుగుతూ తమవాళ్లను వెతుక్కున్న ఆడవాళ్లు. చనిపోయినవాళ్లను గౌరవంగా, వీలైతే వాళ్ల ఆచారం ప్రకారం సాగనంపాలని 1949 మొదటి ఒప్పందం దేశాల మధ్య యుద్ధాలకు చెప్పింది. దేశం లోపలి ఘర్షణలకు రెండో ప్రోటోకాల్ చెప్పింది, అందులో మనం లేము. కాబట్టే 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. మార్చురీల ముందు నిలబడి శవం ఇవ్వమని అడగడానికి ఒక సంఘం! 2025 మే నెలలో అబూజ్‌మాడ్‌లో చనిపోయిన నంబాళ్ల కేశవరావు శవం కోసం కుటుంబం హైకోర్టుదాకా వెళ్లింది. శవం ఇంటికి రాలేదు, నారాయణపూర్‌లోనే పోలీసులు దహనం చేశారు. మావోయిస్టు నాయకుడి మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండవచ్చు. చచ్చిపోయిన కొడుకు ముఖం చూసే హక్కు తల్లికి ఉందా లేదా అన్నది ఆ అభిప్రాయం మీద ఆధారపడకూడదు.

మన సంఘాలు అడగాల్సినవి కొన్ని నా మనసులో ఉన్నాయి. రెండో ప్రోటోకాల్‌పై సంతకం. 1960 చట్టంలో మూడో అధికరణాన్ని చేర్చడం, పదిహేడో సెక్షన్ తీసేయడం, బాధితులే ఫిర్యాదు చేసే వీలు. ప్రతి శవం ఇంటికి. సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వమే తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసి నల్లగొండ జిల్లా గ్రంథాలయాల్లో పెట్టడం. ఈ పని మనకెందుకు, గృహహింస కేసులకే తీరిక లేదని అనే మిత్రులు ఆ అవ్వ ఇంట్లో ఒక రాత్రి పడుకుని రావాలని నా విన్నపం.

తరువాత మరోసారి ఆ ఊరికి పోయినప్పుడు ఆ అరపేజీ కాగితం అవ్వ అడిగి తీసుకుంది. చదువు రాదు కదా, ఏం చేస్తావంటే, తమ్ముడి ఇంట్లో మనవరాలు పదో తరగతి చదువుతోంది, దానితో చదివించుకుంటానంది. రెండిళ్ల మధ్య మాటలు లేవు కదా అన్నాను.

"పిల్లకు మాటలున్నయి" అంది. తరువాత ఇంకోటి అడిగింది: "అన్నం పెట్టినోళ్లను కొట్టొద్దని రాసి ఉందా గిండ్ల?"

అన్నం అనే మాట అందులో లేదని చెప్పాను. కలం తీసి కింద ఖాళీగా ఉన్న చోట రాయమంది. రాశాను.